రత్నక్క ఫ్లాపీలకు వేసిన తాళం

నిన్న మధ్యాహ్నం వాట్సాప్‌లో చూశాను. రత్నక్క ఇక లేదట.

నమ్మలేదు. ఎవరో తప్పుగా ఫార్వర్డ్ చేశారనుకున్నాను. చీరాలలో వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేస్తే అతను ఏడుస్తూనే అవునన్నాడు.

ఎనభైల చివర్లో మేమిద్దరం ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేశాం. నేను ల్యాబ్‌లో, అక్క కంప్యూటర్ దగ్గర. టీబీ పేషెంట్ల వివరాలన్నీ తనే ఎక్కించేది.

అప్పట్లో టీబీ అంటే పెళ్ళిళ్ళు ఆగిపోయేవి. మగ్గం నేసే ఇంటి అమ్మాయి ఒకామెకి జబ్బు పూర్తిగా నయమైంది. ముహూర్తం కూడా పెట్టుకున్నాక సంబంధం తప్పిపోయింది. ఆమె వాడిన మందుల పేర్లతో సహా మగపెళ్ళివారికి తెలుసు.

అంటే విషయం మా ఆఫీసులోంచే బయటికి పొక్కింది.

అక్క అందరినీ అనుమానంగా చూడటం మొదలుపెట్టింది. నన్ను కూడా.

కొద్ది రోజుల్లోనే ఫ్లాపీల్లోని ఫైళ్ళన్నీ ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసేసింది.

మా పెద్ద డాక్టర్ గారి గదిలో యూనిక్స్ అనే రకం కంప్యూటర్ ఉండేది, అందులో అలా తాళం వేయడానికి కమాండ్ ఉంది. ఆఫీసు పీసీలో ఉన్నది డాస్ అనే వేరే రకం. అందులో అలాంటిదేమీ లేకపోతే తనే కూర్చుని ప్రోగ్రామ్ రాసింది. పాస్‌వర్డ్ కొట్టకుండా ఫ్లాపీ తెరిస్తే స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులే.

ఆసుపత్రి మేనేజర్ గారు మండిపడ్డారు.

"ఏం దాస్తున్నావమ్మా? మందులేమన్నా బయట అమ్ముకుంటున్నావా? పాస్‌వర్డ్ చెప్పు!"

"డాక్టర్ గారికి చెప్తానండి. మీకు చెప్పను."

డాక్టర్ గారేమో సెలవులో ఉన్నారు. అక్కని పనిలోంచి ఆపేశారు. ఊళ్ళో దొంగ అన్నారు. చర్చిలో పక్కనున్నవాళ్ళు దూరం జరిగి కూర్చున్నారు.

అయినా అక్క పాస్‌వర్డ్ ఇవ్వలేదు.

డాక్టర్ గారు రాగానే ఆయన ఎదుట ఫ్లాపీలన్నీ తెరిచి చూపించింది. స్టోర్‌లో ఒక్క మందూ తగ్గలేదు. ఆయన ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. ఆ అమ్మాయి సంబంధం వదులుకున్న పెళ్ళికొడుకు మేనేజర్ గారి తమ్ముడి కొడుకే.

"మా పిల్లాడి బతుకు చూసుకోవద్దా అండీ?" అన్నారు మేనేజర్ గారు.

ఆయన ఉద్యోగం పోలేదు. అక్క మళ్ళీ పనిలో చేరిన రోజు, "ఇక నిన్ను నమ్ముతానమ్మా" అన్నారు.

"నమ్మక్కర్లేదండి. నేను మాత్రం మిమ్మల్ని నమ్మను."

పాస్‌వర్డ్ ఏంటని నేనొకసారి సరదాగా అడిగాను. "నీకెందుకే?" అని అదోలా చూసింది. డాక్టర్ గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

డాక్టర్ గారు ఎప్పుడో కన్నుమూశారు. నిన్న అక్క.

ఆ ఫ్లాపీల్లోని పేషెంట్ల పేర్లు ఇక ఎవరూ చదవలేరు.

వెళ్ళిరా అక్కా. దేవుని సన్నిధిలో నీ మనసుకి నెమ్మది దొరకాలి.