మేస్త్రి ఎవరికీ చెప్పని పెట్టె

మా సూళ్లూరుపేటలో నా కారు బాగుచేసే మేస్త్రి పోయిన నెల చనిపోయాడు. పోయినవాళ్ల గురించి చెడుగా చెప్పకూడదంటారు. నేను చెబుతాను. ఏడేళ్లుగా కడుపులో పెట్టుకున్నాను. నా కారులో ఉన్నది రాకెట్టు సామాను అని నమ్మించి, నన్ను బజారులో నవ్వులపాలు చేశాడు ఆ మనిషి.

నాకు చదువు తక్కువ. వరస తప్పితే మీరే సర్దుకోండి.

నాది పాత డీజిల్ కారు, బాడుగలకు తిప్పుతాను. ఎండాకాలం వస్తే ఫ్లైఓవరు ఎక్కాలన్నా రొప్పేది, నల్లపొగ కక్కేది. మేస్త్రి బానెట్ ఎత్తి చూశాడు. ఇంజను పీల్చే గాలి దాని వేడిలోంచే వస్తున్నదన్నాడు.

"పొయ్యిలో ముక్కు పెట్టి పరిగెత్తమంటే నువ్వు పరిగెత్తతావా అన్నా?"

నేను టిఫిను తిని వచ్చేలోగా, ఒక్క మాట అడగకుండా, హెడ్‌లైటు పక్కన రేకు గుండ్రంగా కోసేశాడు. గాలి ఫిల్టరుండే పాత డబ్బా పీకేసి, వేరే బండిదేదో నల్ల ప్లాస్టిక్ పెట్టె బిగించాడు. దానికి లావుపాటి గొట్టం తగిలించి, గొట్టం మూతిని ఆ రంధ్రంలోంచి బయటి గాలికి పెట్టాడు. గాలి లాగుతుందో లేదో చూడటానికి ఆయనకొక పద్ధతి ఉంది. లుంగీ అంచు గొట్టం మూతి దగ్గర పట్టుకుంటాడు. ఆ రోజు నేను యాక్సిలేటరు కాస్త గట్టిగానే తొక్కాను. సగం లుంగీ లోపలికి పోయింది. మేస్త్రి కారుకు అతుక్కుపోయి, ఒక చేత్తో మానం కాపాడుకుంటూ, బాగా లాగుతున్నదని సంతోషపడ్డాడు. లుంగీ అడ్డుపడి ఇంజను ఆగిపోయేదాకా ఆ సంతోషంలోనే ఉన్నాడు.

కారు నిజంగానే మారింది. ఐదుగురితో, మూటాముల్లెతో నెల్లూరు దాకా రొప్పకుండా పోయింది. ఆ పెట్టె ఏ బండిదని అడిగాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"శ్రీహరికోట సామానన్నా. ఎవురికీ చెప్పబాక."

చెప్పబాకంటే ఊరుకుంటానా? టీ అంగట్లో చెప్పాను. బాడుగకు ఎక్కిన ప్రతివాడికీ బానెట్ ఎత్తి చూపించాను. పెళ్లివాళ్లయితే పెట్టెకే పూలదండ వేసి ఫొటో తీసుకున్నారు. ఇలా రెండేళ్లు గడిచాక, ఆ శ్రీహరికోటలోనే పనిచేసే పెద్దమనిషి ఒకాయన నా కారెక్కాడు. నేను చెప్పిందంతా ఓపికగా విన్నాడు. "రాకెట్టు గాలి పీల్చదు పెద్దాయనా, దానికి ఫిల్టరెందుకు?" అన్నాడు. ఆ నెలంతా టీ అంగట్లో నన్ను రాకెట్టనే పిలిచారు.

మేస్త్రిని కొట్టాలనే షెడ్డుకు పోయాను. ఆయన నవ్వలేదు. స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. రాకెట్టుది కాకపోతే ఏ బండిదో ఇప్పుడైనా చెప్పమన్నాను. పెట్టె మీది అక్షరాలను ఆకురాయితో ఏనాడో గీకేసి ఉన్నాడు.

"చెప్తే యాడన్నా కొనుక్కోని, ఎవురిచేతన్నా బిగించుకుంటావు. ఇంక నా షెడ్డుకు ఎందుకొస్తావన్నా?" అన్నాడు.

అప్పటినుంచి వారానికొకసారి ఫిల్టరు దుమ్ము దులిపించుకోవడానికి వెళ్లేవాణ్ణి. దులపడం నాకు రాదని కాదు.

గుండెనొప్పి వస్తే ఆయన్ను అంబులెన్సులో నెల్లూరు తీసుకుపోయారు. గూడూరు దాటాక డ్రైవరును పిలిచి, నీ బండి ఫిల్టరు మూసుకుపోయింది నాయనా, దులుపుకో అన్నాడట. తరువాత మాట్లాడలేదు. ఈ సంగతి ఆయన భార్య చెప్పింది. ఏడుస్తూ చెప్పి, చివర నవ్వింది.

మట్టి వేసి వచ్చిన మరునాడే ఆ పెట్టె మూత పగిలింది. సైకిలు ట్యూబుతో కట్టాను, నిలవలేదు. మూత లేకుండా నడిపితే దుమ్మంతా ఇంజనులో పడి అరిగిపోతుంది. నెల రోజులుగా కారు కదలలేదు. మిగతా మెకానిక్కులు వేరే పెట్టె వేస్తామంటున్నారు. నేను ఒప్పుకోను. ఆయన కోసిన చోట ఆయన పెట్టిందే ఉండాలి. మేస్త్రి భార్యను అడిగితే, అది పోలీసు జీపుదని తనకు చెప్పాడంది. ఆయన తమ్ముణ్ణి అడిగితే ఐసు మోసే వ్యానుదన్నాడు. ఆ రెండు బండ్ల మూతలూ తెచ్చి పెట్టి చూశాను, ఏదీ సరిపోలేదు.

వచ్చే శుక్రవారం ఆయన నలభయ్యో దినం, ఫాతిహా చదివిస్తారు. తడ ఊళ్లో ఉన్న ఆయన కూతుర్ని నా కారులోనే తీసుకొస్తానని ఆయన భార్యకు మాట ఇచ్చాను. వేరే బండి మాట్లాడి పంపితే అది మాట నిలబెట్టుకోవడం కాదు.

అందుకని, చదివే మీరంతా మీ మీ బండ్ల బానెట్లు ఎత్తి చూడండి. చదరంగా నల్ల పెట్టె, మూతకు నాలుగు క్లిప్పులు, ఎడమ మూల లోపలికి నొక్కినట్టు ఉంటుంది. ఆయన షెడ్డు తలుపులు మూసే ఉన్నాయి. కారును దాని ముందుకు తోయించుకొచ్చి, బానెట్ ఎత్తిపెట్టి, రోజూ కూర్చుంటున్నాను. బుధవారం పొద్దు కుంకేలోగా మీలో ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి. ఏ బండిదది?