మొత్తం వినాల

మా సీనియర్ లాయరమ్మకు సగం మాటలంటే ఒళ్లు మంట. నేనేం చెప్పబోయినా అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచి, "ముక్కలొద్దు, మొత్తం చెప్పప్పా!" అనేవారు.

ఉరవకొండ దగ్గరొక పల్లెలో వాన కోసం ఆడవాళ్లు మేఘాన్ని బూతులు తిడుతూ పాడిన పాట ఫోన్లకెక్కింది. ఒక అంగడాయన అందులో ముక్క విని, అశ్లీలమని కేసు పెట్టాడు. పాట ఎత్తుకున్న ముసలామె ముద్దాయి, ఆమె తరఫున మేము. బూతు ఉంటేనే చాలదు, విన్నవాళ్లకు బాధ కూడా కలగాలంటుంది ఆ సెక్షన్.

"బాధ పడినావా అన్నా?" అని సాక్షి బోనులో ఉన్న అంగడాయనను అడిగారు మా లాయరమ్మ.

"శానా పడినానమ్మా! చెవులు మూసుకుంటి."

"నువ్వు విన్నది ముక్కే కదా. మొత్తం విను."

జడ్జిగారి అనుమతితో పాట పెట్టించారు. తిట్లన్నీ అయ్యాక పాట ఒక్క క్షణం ఆగింది. అక్కడ విన్నవాళ్లు బదులు పలకాలి. పలకకపోతే వాన రాదని మా సీమలో భయం.

"కురిసిపో వానప్పో!"

కోర్టు దద్దరిల్లేలా అరిచింది అంగడాయనే! ఆ వెంటనే బంట్రోతు, నేను, వెనక బెంచీలన్నీ అరిచాం. అప్పటికి తెలివొచ్చి అంగడాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మా లాయరమ్మ ఈసారి బల్ల చరచలేదు.

"ఈ అన్న బాధ మొత్తం విన్నారు కదా సార్," అని కూర్చున్నారు.