కూలిన మాను మీది రాతిపువ్వు

రాతిపువ్వు అని పేరేగాని అది పువ్వు కాదు. మా నంది కొండ మీద పాత మాన్ల బెరడుకు అంటుకుని, అంచులు ముడుచుకున్న బూడిదరంగు ఆకుల్లా పరుచుకుని ఉండేది. ఊళ్ళో వాళ్ళు మసాలా పొడిలో వేసుకునేవారు. మా తాత దాన్ని మందుగా నూరేవాడు. గుడి పూజతో పాటు వైద్యం కూడా మా ఇంటిదే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా అమ్మకు దగ్గు పట్టుకుంది. గుడ్డలో నెత్తురు పడ్డాక తాత చెయ్యి పట్టి చూసి క్షయ అన్నాడు. బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోదామని నాన్న అంటే, "నా కోడల్ని నేను బతికించుకుంటా" అన్నాడు. ఆ మాట మీద తాతకు ఎంత నమ్మకమో, మాకు తాత మీద అంత.

దానికొక నియమం ఉండేది. రాతిపువ్వును నిలబడి ఉన్న మాను మీదే గీకాలి. గీకేముందు మానును ముట్టుకుని, ఎవరి కోసమో చెప్పి, సెలవడగాలి. కూలిన మానుకు ప్రాణం లేదు, దాని మీద తీసిన మందు ఒకరి ప్రాణం నిలపదని తాత నమ్మకం. నాన్నకు కాలు అవిటి, తాతకు వయసు మీరింది. ఆడపిల్లను కొండకు తోలతారా అని ఊరంతా ముక్కున వేలేసుకున్నా, ఆ పని నాకే పడింది. నాకు పదమూడేళ్ళు.

అప్పట్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. ఆ బొగ్గు కోసం కొండవాలు మీద మాన్లు కొట్టేస్తున్నారు. వెళ్ళిన ప్రతిసారీ అడవి ఇంకాస్త పైకి జరిగి ఉండేది. మిగిలిన మాన్ల మీద చెయ్యి అందే ఎత్తులో ఉన్నదంతా నేనే గీకేశాను. ఆకుకూరలాగా వానకు మళ్ళీ వస్తుందనుకున్నాను. రాలేదు. జారే బండలెక్కి, ముళ్ళు గీరుకుని, పిడికెడు తెచ్చేసరికి పొద్దు వాలేది.

ఒకసారి వాన వెలిశాక వెళ్తే, కొట్టి పడేసిన పెద్ద మాను దారికడ్డంగా ఉంది. చిటారు కొమ్మల మీద ఎన్నేళ్ళుగానో పెరిగిన రాతిపువ్వంతా నా మోకాళ్ళ దగ్గర ఉంది. అరచెయ్యంత రేకులు, తడికి పచ్చగా తేలాయి. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. కూర్చుని ఒడి నిండా గీకుకున్నాను. సెలవడగలేదు, కూలినదాన్ని ఏమని అడుగుతాం? ఆ తర్వాత నిలబడిన మాను జోలికే పోలేదు. ఇంత మంచి రాతిపువ్వు ఎప్పుడూ తేలేదని తాత మెచ్చుకున్నాడు కూడా. సిగ్గులేకుండా సంతోషపడ్డాను.

అమ్మ ఆ మందు ఒక్క పూట కూడా మానకుండా తాగింది. చలికాలం దాటలేదు.

కర్మలన్నీ అయ్యాక తాత నన్ను పెరట్లోకి పిలిచాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నిజం చెప్పమ్మా. నిలబడుకోనుండే మాన్లోనే గీకితివా?"

"ఊ, తాతా."

"సెలవడిగితివా?"

"అడిగినా."

"అట్లయితే తప్పు నాదే. మోతాదు యాడో తప్పినాను."

ఆ రోజుతో వైద్యం మానేశాడు. కొన్నాళ్ళకు మంచేనహళ్ళి నుంచి ఒకామె దగ్గే బిడ్డను భుజాన వేసుకుని అంత దూరం నడిచి వచ్చింది. "అప్పా, ఒక్కసారి చెయ్యి పట్టి చూడండప్పా" అని బతిమాలింది.

"నాకు వైద్యం తెల్దమ్మా. తెలిసుంటే నా కోడలు యాడికి పోతాది?" అన్నాడు.

నేను తలుపు వెనకే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఆమె బిడ్డనెత్తుకుని వచ్చిన దారినే పోయింది. తాత ఇంకో నాలుగేళ్ళు బతికాడు, ఎవరి చెయ్యీ పట్టలేదు.

చాలా ఏళ్ళ తర్వాత చిక్కబళ్ళాపురంలో ఒక డాక్టరుకు ఇదంతా చెప్పుకున్నాను. ఆ రోజుల్లో ఆ జబ్బుకు మందే లేదమ్మా, ఏ మాను మీది తెచ్చినా మీ అమ్మ దక్కేది కాదు అన్నాడు పాపం, నన్ను ఊరడించాలని. బస్టాండు దాకా ఏడుస్తూ నడిచాను. అమ్మను నేను చంపలేదు, సరే. కానీ ఆ రోజు పెరట్లో నిజం చెప్పుంటే తాత నన్ను చావగొట్టేవాడు, నెల రోజులు నా మొహం చూసేవాడు కాదు, మంచేనహళ్ళి బిడ్డ చెయ్యి మాత్రం పట్టి చూసేవాడు.