ఓడాక దొరికిన టికెట్

ఆనే నాకన్నా రెండేళ్ళు పెద్దది. రేవులోకి దిగే మెట్ల వరుసలో, రొట్టెల కొట్టుకు కాస్త కిందుగా ఉంటుంది ఆమె సెలూన్. లోపల రెండే కుర్చీలు. అద్దం ఎదుటిది ఆమెది, కిటికీ పక్కది నాది. మధ్యాహ్నపు ఎండ సముద్రం మీద పడి పైకి లేచి, మా పైకప్పు మీద సన్నగా వణుకుతుంది. ఆ వెలుగు కింద ఆనే యవ్వనం ఇతరుల జుట్టుతో పాటు కొంచెం కొంచెంగా నేలమీద రాలింది. ఊడ్చింది నేనే.

నిక్షాతో పెళ్ళి నిశ్చయమై ఆమె ఉంగరాలు మార్చుకుని చాలా కాలమైంది. అతను జాతీయ వాటర్ పోలో జట్టులో రెండో గోల్‌కీపర్. గోల్‌కీపర్లు ఇద్దరికీ ఎర్ర టోపీలే. మొదటివాడు నీళ్ళలో ఉంటాడు, రెండోవాడు ఒడ్డున బల్లమీద ఉంటాడు. నిక్షా టోపీ ఎప్పుడూ పొడిగానే ఇంటికి వచ్చేది.

"ఒలింపిక్స్‌కి వెళ్ళొచ్చాక పెళ్ళి," అని అతను మాటిచ్చాడు. మొదటిసారి జట్టు వెళ్ళింది, కానీ అతని భుజం జారింది. రెండోసారీ జట్టు వెళ్ళింది, కోచ్ అతని బదులు ఇంకో కుర్రాణ్ణి తీసుకెళ్ళాడు. ఈసారి నిక్షాకు జట్టులో చోటు ఖాయమైంది. తీరా జట్టుకే ఒలింపిక్స్‌లో చోటు ఇంకా ఖాయం కాలేదు. అందుకని ఆ వసంతంలో, వాటర్ పోలో అంటే చెవులు మూసుకునే ఆనే, జట్లు ఎలా అర్హత సంపాదిస్తాయో నేర్చుకోవడానికి కూర్చుంది.

చెప్పడానికి ట్రీపో బార్బా ఉన్నాడు. మా ఊళ్ళో వయసు మళ్ళిన మగవాళ్ళందరూ మాకు బార్బాలే. ఈయన ఒకప్పుడు వాటర్ పోలో పోటీల్లో కొలను పక్కన గడియారం పట్టుకుని కూర్చునేవాడు. తలమీద నాలుగు వెంట్రుకలు ఉంటే వాటిని కత్తిరించుకోవడానికి వారం వారం వచ్చేవాడు. ఆరోజు జుట్టు చుట్టే రోలర్లను అద్దం ముందు వరుసగా నిలబెట్టాడు.

"చూడు పిల్లా. గుంపులో నాలుగు జట్లు. పై ఇద్దరికీ టికెట్. ఈ ఎర్రది మనం. నీలంది గ్రీసు. పచ్చది క్రొయేషియా. నాలుగోదాన్ని వదిలెయ్, అందరిచేతా దెబ్బలు తింది."

"మనం గ్రీసును కొట్టాం కదా బార్బా?"

"కొట్టాం. కానీ క్రొయేషియా మనల్ని కొట్టింది."

"మరింకేం?"

"రేపు గ్రీసు వెళ్ళి క్రొయేషియాను కొడితే ముగ్గురం సమానం. అప్పుడు ఎన్ని గోల్స్ వేశాం, ఎన్ని తిన్నాం అని చూస్తారు. ఆ లెక్కలో ముగ్గురిలో అడుగున ఉన్నది మనమే."

"అంటే మనం ఓడించినవాణ్ణి చూసి మనమే భయపడాలా?"

"భయం ఎందుకు? క్రొయేషియా గెలవాలని దేవుడికి దండం పెట్టుకో. చాలు."

నా కుర్చీలో తడి జుట్టుతో కూర్చున్న పోస్టాఫీసు ఆవిడ పకాలున నవ్వింది. మా ఊళ్ళో ఎవరి తాతా పెట్టని దండం అది. సరిహద్దు అవతలి క్రొయేషియా వాళ్ళ గోలు వల కదిలితే చాలు, బంతి వేసింది ఎవరైనా సరే, మావాళ్ళు లేచి నిలబడతారు. అది రక్తంలో ఉప్పులాగా ఉంటుంది.

"సరే, రేపు మనవాళ్ళు ఏం చేస్తారు?" అని ఆనే అడిగింది.

"ఏం చేస్తారు? ఆడాల్సింది ఆడేశారు. బట్టలేసుకుని ఒడ్డున కూర్చుని చూస్తారు."

"అందరూ నిక్షాలైపోయారన్నమాట," అంది ఆనే.

మర్నాడు సెలూన్ మూసి అందరం రేవు పక్క కాఫీ హోటల్‌కు వెళ్ళాం. టీవీలో నీళ్ళు మరీ నీలంగా కనిపించాయి, చూస్తుంటే ఎవరో కలగంటున్న నీళ్ళలా ఉన్నాయి. క్రొయేషియా గోల్ వేసినప్పుడల్లా ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఒకాయన చప్పట్లు కొట్టబోయి ఆ చేతులతోనే మెడ గోక్కున్నాడు. ఆఖరి నిమిషానికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. గ్రీసు ఆటగాడొకడు నడుము దాకా నీళ్ళలోంచి లేచాడు. బంతి తగిలి క్రొయేషియా గోలు వల ఊగింది.

హోటలంతా ఒక్కసారిగా లేచింది. కేకలు, కుర్చీల చప్పుడు. అందరికంటే ముందు లేచింది ఆనే. రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి, పదేళ్ళు చిన్నదైనట్టు నవ్వుతోంది.

తర్వాత ఎవరో "అయ్యో" అన్నారు. కేకలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆనే చేతులు మాత్రం పైనే ఉండిపోయాయి, ఎలా దించాలో మరిచిపోయినట్టు.

"నేనెందుకు లేచాను స్టానా?" అని ఇంటికి వెళ్ళేదాకా నన్ను అడుగుతూనే ఉంది. నేనూ లేచానని నేను చెప్పలేదు.

నిక్షా తిరిగొచ్చి ఇంటికైనా పోకుండా నేరుగా సెలూన్‌కు వచ్చాడు. సంచి గుమ్మంలో పడేసి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"కత్తిరించు."

"ఎంత?"

"పెళ్ళికొడుకులా కనిపించేంత."

ఆనే దువ్వెన అతని తలమీదే ఆగిపోయింది. "ఒలింపిక్స్ తర్వాత అన్నావుగా?"

"ఒలింపిక్స్ లేదుగా. క్లబ్బుతో ఒప్పందం జూన్ ఆఖరుకు అయిపోతుంది. ఇక ఆడను."

ఆనేకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓటమికి రుణపడ్డ పెళ్ళి ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? అయినా ఆమె మా చర్చి గుడికి వెళ్ళి పాదిరీ సావో అయ్యగారిని ముహూర్తం అడిగింది. ఆయన గడ్డం నిమురుకుంటూ, "జూలైలో వచ్చే పేతురు పండుగ దాకా ఉపవాసం, పెళ్ళిళ్ళు లేవు. ఆగస్టు నడుమ దేవమాత ఉపవాసం మొదలవుతుంది, అప్పుడూ లేవు. ఆ మధ్యలో నీకెప్పుడు కావాలో చెప్పు," అన్నారు. ఆనే ఆగస్టు మొదటి ఆదివారం అంది. విందుకు హాలు మాట్లాడింది. తెల్ల బట్ట కొని కుట్టడానికిచ్చింది.

జూన్‌లో ఒక రోజు ట్రీపో బార్బా మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు.

"మనం వెళ్తున్నాం!"

"ఎక్కడికి?"

"ఒలింపిక్స్‌కి!"

"ఓడిపోయాంగా?"

"ఓడిపోయాం. అయినా వెళ్తున్నాం. ప్రపంచం అడుగున ఎక్కడో ఒక దేశం ఉందట. వాళ్ళ ఖండంలో వాళ్ళే మొదటివాళ్ళు, అందుకని వాళ్ళకో చోటుంది. తీరా వాళ్ళ పెద్దలే, 'అంత దూరం పోయి ఓడిరావడానికి ఖర్చెందుకు' అని ఆ చోటు వదులుకున్నారు. దాన్ని ఓడినవాళ్ళలో ముందున్నవాళ్ళకు ఇస్తారు. ఆ ముందున్నవాళ్ళం మనం."

"నీకు అర్థమైందా బార్బా?"

"లేదమ్మాయ్. కానీ నిజం."

ఆనే చేతిలో కత్తెర కదిలింది. పోస్టాఫీసు ఆవిడ నుదుటి మీది జుట్టు ఏటవాలుగా తెగిపోయింది. "పర్లేదు, ఇలాగే ఉంచు," అంది ఆవిడ పాపం. ఆగస్టు మొదటి ఆదివారం ఒలింపిక్స్ నట్టనడుమ పడుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

జనం మాత్రం దారిలో ఆనేను ఆపి చెయ్యి కలిపి అభినందించారు. ఇన్నేళ్ళు ఆమె కోరుకున్నది ఇదే కదా! ఆమె అందరికీ తల ఊపింది. సాయంత్రం రేవు గట్టు మీద నిక్షాను పట్టుకుంది. నేను పక్క బల్లమీద చేపల సంచితో కూర్చునే ఉన్నాను. మా ఊళ్ళో రహస్యాలు చెప్పుకునేంత చోటు లేదు.

"వెళ్తావా?"

"నువ్వు వద్దంటే వెళ్ళను."

"నా నోటితో వద్దనిపించకు. జట్టుకు గోల్‌కీపర్ లేకుండా చేసిన మనిషి ఇదేనని నన్ను వేలెత్తి చూపిస్తారు."

"మొదటివాడున్నాడుగా."

"అయితే నువ్వెందుకు?"

అనకూడని మాట అనేశానని ఆమెకు వెంటనే తెలిసింది. నిక్షా నీళ్ళకేసి చూశాడు. అవతలి కొండ నీడ నెమ్మదిగా ఈ ఒడ్డుకు వస్తోంది.

"ఒక్కసారి చూడాలని ఉంది ఆనే. బల్లమీంచే అయినా."

ఆమె మర్నాడు మళ్ళీ గుడికి వెళ్ళింది, తోడుగా నన్నూ తీసుకెళ్ళింది.

"అయ్యగారూ, ఒలింపిక్స్ అయిపోగానే చేస్తారా?"

"వాళ్ళు తిరిగొచ్చేసరికి ఉపవాసం మొదలవుతుంది తల్లీ. అది ముగిశాక, ఆ తర్వాత..."

"తర్వాత అనే మాట నాకొద్దు. ముందు చెప్పండి."

ఆయన గోడమీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి వేలితో తేదీలు వెతికారు. "పేతురు పండుగ నాడు ఉపవాసం విడుస్తాం. ఆ పొద్దున చెయ్యొచ్చు."

ఆరోజే, మధ్యాహ్నం కాకముందే, జట్టు బస్సు శిక్షణ శిబిరానికి బయల్దేరుతుంది. ఆనే జట్టు సాధన చేస్తున్న మా ఊరి కొలను దగ్గరికి వెళ్ళింది. అందరూ వింటూండగా ఒడ్డునుంచి అరిచింది.

"నిక్షా! పేతురు పండుగ పొద్దున గుడి దగ్గర ఉంటాను. వస్తే పెళ్ళి. రాకపోతే నువ్వు సంతోషంగా ఒలింపిక్స్‌కి వెళ్ళిరా, కానీ మళ్ళీ నా మెట్లు ఎక్కొద్దు."

నీళ్ళలో తలలన్నీ ఇటు తిరిగాయి. అతను జవాబు చెప్పేలోపు ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత పండుగ దాకా అతను సెలూన్‌కు రాలేదు, ఆమె కొలనుకు పోలేదు. హాలు వద్దని చెప్పేసింది. తెల్ల గౌను సగమే కుట్టి ఉంది.

పండుగనాడు ఆనే పాత నీలం గౌను వేసుకుంది. నా శాలువా కప్పుకుని గుడి గుమ్మంలో నిలబడింది. గంటలు మోగాయి. పూజ అయింది. జనం బయటికి వచ్చి, వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక వాకిట్లోనే తిరిగారు. సావో అయ్యగారు రెండుసార్లు తొంగిచూశారు. కింద రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఆనే నా చెయ్యి పట్టుకుంది.

"పోదామా స్టానా?"

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. నిక్షా పైకి పరుగెత్తుకొస్తున్నాడు. వెనకాల జట్టంతా ఉంది, తలుపులంత మనుషులు, రబ్బరు చెప్పులతో. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అతని గడ్డం కింద టోపీ తాడు గీసిన గీత ఇంకా ఎర్రగా ఉంది.

"ఇప్పటిదాకా ఎక్కడ చచ్చావు?" అంది ఆనే.

"కోచ్ వదల్లేదు. నువ్వు వెళ్ళిపోయావనుకున్నాను."

"వెళ్ళిపోయేదాన్నే."

అయ్యగారు మా ఆచారం ప్రకారం ఇద్దరి తలలమీదా పెళ్ళి కిరీటాలు పెట్టారు. తడి జుట్టుమీద నిక్షాది జారిపోతూంటే మొదటి గోల్‌కీపర్ వెనకనుంచి ఒక వేలితో పట్టుకుని నిలబడ్డాడు. గుడి నడుమ పూజ బల్లచుట్టూ మూడుసార్లు తిరిగారు. ఆ తిరగడంలో ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో నాకు తెలియలేదు. హారన్ మళ్ళీ మోగింది. నిక్షా ఆమె నుదుటిమీద ముద్దుపెట్టాడు. ఆమె నుదురు తడిసింది. చెప్పుల చప్పుడు మెట్లమీంచి కిందికి పోయింది.

ట్రీపో బార్బా వచ్చి ఆమె రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టాడు. "శుభం అమ్మాయ్."

"దేనికి బార్బా? పెళ్ళికా, టికెట్‌కా?"

"నాకూ తెలియదు. ముందు కాస్త కూర్చో."

ఆమె కూర్చోలేదు. గుడి వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడినుంచి తీరం రోడ్డు కనిపిస్తుంది. వేసవి కదా, పర్యాటకుల బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, అన్నీ తెల్లవే, అన్నింటి అద్దాల మీదా ఒకటే ఎండ. అతను ఏ బస్సులో ఉన్నాడో తెలియక ఆనే అన్నింటికీ చెయ్యి ఊపింది.