అర ఇంచు నిపుల్

మా ఇంట్లో కుళాయి సాయంత్రం ఒక్క గంటే వస్తుంది. పైపులను కలిపే మరల ముక్క నిపుల్. ఈ మధ్య బజారుకొచ్చిన విదేశీ స్టీలు నిపుల్‌ను నిన్న నేనే పైపుకు బిగించాను. నీళ్లన్నీ ఆ అతుకు దగ్గరే కారిపోయాయి. ఇంట్లో ఒక్క బిందె మిగిలింది.

ఈ మధ్యాహ్నం దగ్గరి పట్నం రాజురా నుంచి ఫిట్టర్ రాజన్న వచ్చి, నిపుల్ మరలు చూసి నవ్వాడు. మరను అతను చూడీ అంటాడు.

"సార్, గిది అమెరికా చూడీ. మన పైపుది బ్రిటిష్ చూడీ. రెండూ అర ఇంచే, గానీ కలువయి."

"ఇంకో చుట్టు బిగిస్తే?"

"సాకెట్ పగులుతది. పత్రకార్ సాబ్, దుకాణంల చూడీ ఏందని అడగలేదా?"

అడగలేదు. తన సంచిలోని బ్రిటిష్ మర నిపుల్‌కు దారం చుట్టి, సఫేదా అనే తెల్ల ముద్ద పూసి బిగించాడు. ఐదింటికి నీళ్లొచ్చాయి. అతుకు పొడిగానే ఉంది, బిందెలన్నీ నిండాయి. రాజన్నకు కృతజ్ఞతలు.

ఇరవై ఏళ్లుగా విలేకరిగా ప్రశ్నలడగడమే నా ఉద్యోగం. మీరు అడగడం మరచిన ప్రశ్న ఏది?