పుస్తకం వెనుక చీటీ

ఎమ్మిగనూరు శాఖా గ్రంథాలయంలో గ్రంథపాలకుడు భీమసేనరావు మధ్యాహ్నాలు మైదా జిగురుతో గడిచేవి. పొట్టిమనిషి, ముక్కు చివరికి జారే కళ్లద్దాలు, చూపుడువేలికి ఎప్పుడూ ఎండిన జిగురు పొర. ఏ పుస్తకం చదివినా దాని చివరి అట్టకు ఒక చీటీ అతికించేవాడు: "ఇది నచ్చినవారు ఇవి కూడా చదవగలరు." దాని కింద ఇరుకిరుకుగా పదిహేను పేర్లు. ఒక్కటి వదిలినా ఆ పుస్తకానికి అన్యాయం చేసినట్టు బాధపడేవాడు. డెబ్బై ఎనిమిదిలో ఒకరోజు, మగ్గం నేసే లాలాబీ పుస్తకంతోపాటు సభ్యత్వ కార్డు కూడా బల్లమీద పెట్టింది.

"ఇంక సాలు సార్. మీ చీటీ సూస్తే ఇన్ని ఎప్పుడు సదువుతానని గుండె జారిపోతాంది. యాడ మొదలుపెట్టల్లో తెలీక ఊరికే పోతాండాను."

"అన్నీ మంచివే గదమ్మా."

"నేను మీ సెల్లెల్నైతే ఏది సేతికిస్తారు?"

పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఎవరూ అడగలేదు. భీమసేనరావు చీటీని రెండుసార్లు చదివి, కలం తీశాడు. ఒక్కో పేరూ కొట్టేస్తూ పోయాడు. చివరికి రెండే మిగిలాయి. అందులో ఒకటి బీరువాలోంచి తీసి, దాని పాత చీటీ ఊడదీసి, రెండు పేర్ల కొత్త చీటీ అతికించి ఇచ్చాడు. లాలాబీ కార్డు వెనక్కి తీసుకుంది. పక్షం తిరగకుండానే మళ్లీ వచ్చింది. ఆయన పుస్తకం తిప్పి చూస్తే, తన రెండు పేర్ల కింద పెన్సిలుతో వంకరగా మూడోది రాసి ఉంది.

"పోయినేడు సదివినది సార్. తప్పైతే కొట్టేయండి."

భీమసేనరావు కళ్లద్దాలు పైకి తోసుకుని, ఆ పేరు చెరిగిపోకుండా సిరాతో దిద్దాడు.