సూర్యలంకలో మూడు గంటలు

నాకు కూర్చోవడం చేతకాదు. గొప్పకు చెప్పడం లేదు, ఒప్పుకుంటున్నాను. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగే మనిషినీ, దిగాల్సిన ఊరు ఇంకా రెండు స్టేషన్లు ఉండగానే సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడే మనిషినీ మీరు చూసే ఉంటారు. ఆ మనిషి నేనే. పెళ్లి బంతిలో పెరుగు వడ్డించకముందే చెయ్యి కడుక్కునేవాణ్ణి. "వీని కాళ్లకింద నిప్పులు పోసినారా ఏందీ" అని మా అమ్మ విసుక్కునేది.

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. నా భార్య ఆళ్లగడ్డలో చిన్న బడి టీచరు. ఆమె మా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచి నన్ను చూస్తున్న మనిషి కాబట్టి, ఇలాంటివాడని తెలియక చేసుకున్నానని అనడానికి ఆమెకు వీల్లేదు. ఇద్దరికీ ఒక ఊరు ఇవ్వండని ఎన్ని అర్జీలు పెట్టినా బదిలీ రాలేదు. ఆమె ఆళ్లగడ్డలో మా మామ ఇంట్లో, నేను నంద్యాలలో ఒక అద్దె గదిలో. శనివారం మధ్యాహ్నం ఇద్దరిలో ఎవరో ఒకరు బస్సెక్కేవాళ్లం, సోమవారం మొదటి బస్సుకు తిరిగిపోయేవాళ్లం. పిల్లలు పుట్టకముందు మా కాపురమంతా శనాదివారాల్లోనే జరిగింది.

మా ఇంట్లో పుట్టినరోజు ఒక్కటే, ఆమెది. ఫిబ్రవరిలో వచ్చేది. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాదిరిగారు పుస్తకంలో రాసుకున్నారు కాబట్టి అది నిజమైన తేదీ. నాది జూలై ఒకటి. నన్ను బడిలో వేసినప్పుడు అయ్యవారు తనకు తోచింది రాసేశాడు. మా తరగతిలో సగంమంది జూలై ఒకటినే పుట్టారు. అలాంటి తేదీకి పండగేం చేసుకుంటాం?

పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఫిబ్రవరిలో, పుట్టినరోజుకు ఏం కావాలని అడిగాను. చీర అంటుందని అనుకున్నాను.

"సముద్రం కాడికి తీస్కపో బావా" అంది. "మూడో తరగతి పిల్లోల్లకు సముద్రం గురించి పాఠం చెప్తాండా. నేను చూసిందేమో కుందూ ఏరు ఒకటే. పొద్దన కూచుంటే పొద్దుగూకేదాకా కదలకుండా చూడాల. అంతే నాకు."

మా అత్తకు ఇది నచ్చలేదు. "ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి సముద్రం కాడ ఏంపని? ఈడ నీళ్లు లేవా?" అని గొణిగింది. గొణుగుతూనే ఓళిగలు చేసి, గిన్నెకు గుడ్డ కట్టి ఇచ్చింది.

మాకు సముద్రమంటే బాపట్ల దగ్గరి సూర్యలంక. శనివారం ఒంటిపూట బడి. ఆమె ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాల స్టేషనుకు వచ్చేది. సాయంత్రం మీటరుగేజి రైలెక్కితే అది నల్లమల దాటి, కనిపించిన ప్రతి స్టేషనులోనూ ఆగి, తెల్లారేసరికి గుంటూరు చేర్చేది. అక్కడ బస్సు పట్టుకుని బాపట్ల, మళ్లీ ఇంకో బస్సు పట్టుకుని సూర్యలంక. ఇసుక మీద కాలు పెట్టేసరికి ఉదయం పది. సోమవారం బడిలో ఉండాలంటే ఆదివారం సాయంత్రం గుంటూరులో రైలు ఎక్కాలి. ఆ రైలు అందాలంటే సూర్యలంకలో ఒంటిగంట బస్సు ఎక్కాలి. రెండు రాత్రులు రైల్లో, సముద్రానికి మూడు గంటలు. ఈ లెక్కంతా నేనే వేశాను, వేసి మురిసిపోయాను కూడా.

ఆ మొదటిసారి ఆమె నీళ్ల అంచున, చీర తడుస్తున్నా పట్టించుకోకుండా కూర్చుంది. నన్నూ కూర్చోమంది. కూర్చున్నాను. అయిదు నిమిషాలకు లేచి, ఒడ్డున ఉన్న టీకొట్టుకు పోయి బస్సు ఎన్నింటికని అడిగాను. తిరిగొచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. మూడోసారి అడిగినప్పుడు టీకొట్టాయన నవ్వాడు. "మాస్టారూ, మీరు అడిగినా అడక్కపోయినా బస్సు దాని టైముకే వస్తుందండీ."

పన్నెండు ముప్పావుకు ఆమె నెత్తిమీద నిలబడ్డాను.

"లెయ్ మే. బస్సు పోతాది."

"ఇంగా ఒంటిగంట కాలేదు గదా."

"ఆడికి నడవాల గదా. బేగా రా."

ఆమె లేచి చీర దులుపుకుంది. నేను ముందు నడిచాను. నా నడక అంతే, ఎప్పుడూ ఆమెకు పదడుగులు ముందుంటాను. వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. వెనకాల ఆమె చెప్పుల చప్పుడు వస్తూనే ఉంటుంది కాబట్టి చూడాల్సిన పని పడలేదు.

ఈ తొందర నాకెక్కడిదో కూడా చెప్పాలి. మా నాయన ఒక పెద్ద రైతు ఇంట్లో జీతగాడు. పొద్దు పొడవకముందే ఆ ఇంటి పశువుల కొట్టంలో ఉండాలి. ఒకరోజు ఆలస్యమైంది. నన్ను చెయ్యి పట్టుకుని వెంట తీసుకుపోయాడు, ఆలస్యమైంది నా జ్వరం వల్లే. వాకిట్లో నిలబెట్టి, నలుగురి ముందూ అనరాని మాటలన్నారు. నాయన తల వంచుకుని విన్నాడు. నా చేతికి నొప్పి పుట్టేంత గట్టిగా ఆయన చెయ్యి బిగిసింది. మా హెడ్‌మాస్టరుకు పదీ పదికి హాజరు పట్టీలో ఎర్రగీత గీసే అలవాటు. ఆ గీత కింద సంతకం చెయ్యడమంటే నాకు ఆ వాకిట్లో నిలబడడమే. ఇది ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే మొదటి ఏడు పట్టుబట్టలేదు.

రెండో ఏడు ఒక్క మాట అంది గానీ నేను సాగనివ్వలేదు. పొద్దుగూకేదాకా ఉందామంటే పాఠం మొదలుపెట్టాను. "ఇది తూర్పు తీరం మే. పొద్దు సముద్రంలో మునగదు, మన ఈపు ఎనకాల మునుగుతాది. చూసేదానికి ఏముండాది ఈడ?"

"పొద్దును కాదు, నీళ్లను చూస్తా" అంది ఆమె. నేను గడియారం చూపించాను.

మూడో ఏడు జనవరిలోనే మాట తీసుకుంది. ఈసారి ఇద్దరమూ సోమవారానికి సీఎల్, అదే క్యాజువల్ లీవు, పెట్టాలి. ఆదివారమంతా సముద్రం దగ్గరే ఉండాలి. సోమవారం తీరిగ్గా బయల్దేరి మంగళవారానికి చేరాలి. సరేనన్నాను. నిజంగానే సరేనన్నాను. అర్జీ రాశాను, హెడ్‌మాస్టరు సంతకం పెట్టాడు. ఆమె రైల్లో దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. గిద్దలూరు దగ్గర ఎవరో పసిబిడ్డనిస్తే ఒళ్లో వేసుకుని పాట కూడా పాడింది. అంత సంతోషంగా ఉన్న ఆమెను అంతకుముందు చూడలేదు.

సీఎల్ అంటే అయ్యవార్లకు ఎంత పిచ్చో బయటివాళ్లకు తెలియదు. ఊరగాయ జాడీలో అడుగున మిగిలిన ముక్కల్లా దాచుకుంటాం. జ్వరం వచ్చినా బడికి పోయి కుర్చీలో పడుకుంటాం గానీ సీఎల్ తియ్యం. ఆ ఆదివారం పన్నెండు దాటేసరికి నా కాళ్లలో పురుగు తొలవడం మొదలైంది. బడి లేదు, ఎర్రగీత లేదు, ఎవరూ పిలవడం లేదు. అయినా ఒంటిగంట బస్సు వస్తుందని ఒళ్లంతా చెబుతోంది. అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది.

"మే, ఇప్పుడు లేస్తే సాయంత్రం రైలు దొరుకుతాది. రేపు బడికి పోవచ్చు. సీఎల్ మిగుల్తాది."

ఆమె నా మొహం వైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"నువ్వు పో బావా" అంది. "నేను రాను."

"ఏందీ, తమాషానా? లెయ్."

"తమాషా కాదు. నువ్వు పో."

బెట్టు చేస్తోంది, నడిస్తే అదే వస్తుందిలే అనుకున్నాను. సంచి తీసుకుని నడిచాను. వెనక్కి చూడలేదు. ఇసుకలో చెప్పుల చప్పుడు ఎటూ వినపడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి రెండు సీట్లు పట్టాను. ఒక సీట్లో నేను, ఒక సీట్లో తువ్వాలు.

"ఈ సీట్లోకి ఎవరైనా వస్తున్నారాండీ?" అన్నాడు కండక్టరు.

"వస్తాండారు" అన్నాను.

బస్సు కదిలింది. దిగొచ్చు. రెండడుగులు వేస్తే తలుపు. దిగలేదు. ఎందుకంటే దిగితే ఓడిపోయినట్టని ఒకటి, బస్సు తప్పిపోతుందని ఒకటి. రెండూ సిగ్గుపడాల్సినవే. బాపట్లలో తరువాతి బస్సు కోసం చూశాను. ఆమె అందులో లేదు. నేరుగా గుంటూరుకే వస్తుందనుకుని గుంటూరు పోయాను. ప్లాట్‌ఫారమంతా వెతికాను. రైలు కూత వేసింది. ఎక్కేశాను.

సోమవారం పదికి పది నిమిషాలు తక్కువగా ఉండగా హాజరు పట్టీలో సంతకం పెట్టాను.

"ఏం సార్, లీవు గదా మీరు?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"పని అయిపోయింది సార్" అన్నాను. నా కలంతోనే సీఎల్ కొట్టేశాను. ఆ సీఎల్ డిసెంబరు ఆఖరుదాకా వాడనేలేదు, ఏడాది తిరిగేసరికి అదే రద్దయిపోయింది.

ఆ రోజు నేనేం పాఠం చెప్పానో గుర్తులేదు. సముద్రం ఒడ్డున, తెలియని ఊళ్లో, ఆడమనిషిని ఒక్కదాన్నే వదిలేసి వచ్చాను. ఆమె దగ్గర ఓళిగల గిన్నె, చిన్న చేతిసంచి తప్ప ఏమీ లేవు. మామకు కబురు చెయ్యాలంటే ఏమని చెయ్యాలి? మీ కూతురును వదిలేసి సంతకం పెట్టడానికి వచ్చానని చెప్పాలా? భయమేసింది. భయమేసిన కొద్దీ ఆమె మీదే కోపమొచ్చింది. ఆమె వస్తే మంగళవారం తెల్లవారి రైలుకే రావాలి. చీకటితోనే స్టేషనుకు పోయి నిలబడ్డాను, రైలు ఎంతకూ రాదు.

వచ్చింది. మొహం ఎండకు కమిలిపోయి, జుట్టు ఉప్పుగాలికి చిక్కులుపడి, ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని ఆమె దిగింది. నేను ముందు చేసిన పని అరవడం. "ఏందే ఇది? ఏమనుకుంటాండావు? మనిషి బతకాలనా చావాలనా?" ప్లాట్‌ఫారం మీద నలుగురూ చూస్తున్నారు. ఆమె నా అరుపు అయ్యేదాకా ఊరికే నిలబడింది.

"టీ తాగుదాం రా" అంది తరువాత.

టీ తాగుతూ చెప్పింది. టీకొట్టాయన భార్య అన్నం పెట్టిందట, రాత్రికి వాళ్లింట్లోనే పడుకోబెట్టుకుందట. సోమవారం మళ్లీ సముద్రం దగ్గరికి పోయి, ఒంటిగంట బస్సుకు వేళయ్యేదాకా ఉండి వచ్చిందట.

"అయితే ఆదివారమే చూసుంటావులే పొద్దుగూకేదాకా" అన్నాను. ఎత్తిపొడవడానికే అన్నాను.

"ఆదివారం యాడ చూసినా?" అంది ఆమె. "నువ్వు తిరిగొస్తావని బస్సొచ్చే బాటే చూస్తాంటి. పొద్దుగూకేదాకా బాటే చూసినా. సముద్రాన్ని సోమారం చూసినా."

అంతే అంది. గ్లాసు కింద పెట్టి, ఆళ్లగడ్డ బస్సుకు వేళైందని లేచింది. ఆ మాటకు నేను ఏదైనా చెప్పి ఉండాల్సింది. తప్పయిందనో, ఇంకోసారి చెయ్యననో. ఆమె పదడుగులు ముందు నడుస్తుంటే సంచి పట్టుకుని బస్టాండుదాకా వెనకాలే పోయాను.

మరుసటి ఫిబ్రవరిలో ఆమె నన్నేమీ అడగలేదు. బడిలో తనతో పనిచేసే ఇద్దరు టీచరమ్మలను వెంటబెట్టుకుని, సోమ మంగళవారాలు లీవు పెట్టి సూర్యలంకకు పోతోందని మా మామ నోట విన్నాను. శనివారం మధ్యాహ్నం నేను సంచి సర్దుకున్నాను. సోమవారానికీ మంగళవారానికీ కలిపి సీఎల్ పెట్టాను. స్టేషనుకు పోయేసరికి ముగ్గురూ రైలుపెట్టెలో కూర్చుని ఉన్నారు. కిటికీ దగ్గర నిలబడ్డాను.

"ఈసారి రెండు దినాలు లీవు పెట్టినా" అన్నాను. "నేనూ వస్తా. ఒంటిగంట మాటే ఎత్తను."

ఆమె నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి నా చొక్కా జేబు సరిచేసింది.

"వద్దు బావా" అంది. "నువ్వొస్తే మళ్లా నిన్నే చూస్తాండాల నేను. ఎప్పుడు లేస్తాడో, ఎప్పుడు లేస్తాడో అని."

రైలు పోయింది. పెట్టిన లీవు ఈసారి కొట్టెయ్యలేదు. సోమవారమంతా నా గదిలో, ఉన్న ఒక్క కుర్చీలో పొద్దుగూకేదాకా కూర్చున్నాను. మధ్యలో ఇరవైసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ, అక్కడ ఆమె లేవాల్సిన పనిలేకుండా కూర్చుని ఉంటుందని గుర్తొచ్చి, మళ్లీ కూర్చున్నాను.